పాలగుండ చెరువు

కార్తీక బహుళ పంచమి, గురువారం, పొద్దుపొడిచి నాలుగు గడియలు. మణిమంతపురాన్ని ఏలే రాజుగారి పెద్దకొడుకు విజయకేతు ఆ వేళకే పోయాడు పిల్లలూ.

ఆ రాజుకు కొడుకులిద్దరు. తల్లి లేని ఆ ఇద్దరినీ పెంచింది దాది ముత్యాలు. ఏడు సముద్రాల అవతలి నుంచి దుందుభుడనే మాంత్రికుడు వచ్చి, పొరుగు రాజు కూతురు హేమలేఖను ఎత్తుకెళ్లి మణిమంతపురం చెరువు నడిమి లంకలో దాచాడు. వాడి ప్రాణం అక్కడే ఒక చిలకలో ఉంది. చెరువులో నీళ్లు కావు, చిక్కటి తెల్లటి అడుసు. ముగ్గురు వీరులు ఆచితూచి అడుగేశారు. ముగ్గురూ మునిగారు.

"చిలకను తెచ్చినవాడికే హేమలేఖ, వాడికే రాజ్యం" అని చాటింపు వేయించాడు మణిమంతపురం రాజు.

ఆ తెలుపు చూసి ముత్యాలుకు పసిపిల్లలకు జావకాచే పాలగుండ గుర్తొచ్చింది. గిన్నెలో పాలగుండ పోసి, కాసిని నీళ్లతో చిక్కగా కలిపింది.

"గుద్దు పెద్దబాబూ."

గుద్దాడు. రాతిని గుద్దినట్టయింది. "అబ్బ! మమ్మల్ని పెంచింది ఈ రాయి పోసేనా అమ్మా?"

"ఇప్పుడు మెల్లగా చెయ్యి పెట్టు."

వెన్నలో దిగినట్టు దిగింది.

"గబుక్కున లాగు."

గిన్నె కూడా చేతితో లేచొచ్చింది. చిన్నవాడు చిత్రసేనుడు పకపకా నవ్వాడు. "అచ్చం నాన్నగారే! దబాయిస్తే బిగుసుకుంటారు, బతిమాలితే కరుగుతారు."

"నవ్వింది చాలు. మూడు మాటలు మరవకండి నాయనా. పరుగెత్తండి. నడుమ ఆగకండి. ఎవరైనా దిగబడితే మెల్లగా లాగండి, గుంజితే పట్టేస్తుంది, పట్టి ఉన్నకొద్దీ మనిషి దిగుతాడు."

ఆ మూడో మాట చిన్నబాబు మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. ఎంత శ్రద్ధో అనుకుంది ముత్యాలు.

మర్నాడు ఇద్దరూ దబదబా పరుగెత్తి లంక చేరారు. పెద్దబాబు చిలక మెడ విరిచాడు, మాంత్రికుడు కూలాడు. చిన్నబాబు హేమలేఖ చెయ్యి పట్టుకుని పరుగున గట్టెక్కాడు. వెనకే, ఇంకా చెరువులోనే, చిలకతో పెద్దబాబు. గట్టుమీద జనం జేజేలు కొట్టారు. పిచ్చితండ్రి, చెయ్యెత్తి ఒక్క క్షణం నిలబడ్డాడు. నడుముదాకా దిగబడ్డాడు.

చిన్నబాబు తాడు విసిరి గుంజాడు. అన్న రొమ్ముదాకా దిగాడు.

"మెల్లగా బాబూ!" అని అరిచింది ముత్యాలు. చిన్నబాబు తిరిగి ఆమె కళ్లలోకి చూశాడు. చూసి, ఇంకా బలంగా గుంజాడు. అన్న మెడదాకా దిగాడు.

"బురదలోంచి కాలు నేనైతే అలా తియ్యను" అంది గట్టుమీది కొంగ. ఎవరు వింటారు?

ముత్యాలు తాడు పట్టుకోబోతే భటుడు కసిరాడు. "తప్పుకో ముసలమ్మా! తమ్ముడు ప్రాణం పెట్టి లాగుతుంటే కనబడ్డం లేదూ?"

"అన్నయ్యా!" అని బావురుమంటూ చిన్నబాబు మూడోసారి గుంజాడు. అంతే. పైన తెలుపు మళ్లీ నునుపుగా సర్దుకుంది.

మైల తీరాక పెళ్లి అయింది, పట్టాభిషేకమూ అయింది. చిత్రసేనుడు నలభై ఏళ్లు ఏలాడు. నెలకు మూడు వానలూ కురిశాయి. ఆ లెక్క ఈశ్వరుడికే తెలియాలి.

కానీ పెద్దబాబు పోయిన మర్నాటి పొద్దున రాజుగారింట్లో ఏం చేశారంటే, తాడు ఒరిసి తోలూడిన చిన్నబాబు అరచేతులకు పసుపు పెట్టి, అతన్ని అరుగుమీద కూర్చోబెట్టారు. "తమ్ముడంటే వీడు" అని రాజు ఆ చేతులు కళ్లకద్దుకుని ఏడ్చాడు. మంత్రులు అద్దుకున్నారు, వంటవాళ్లు అద్దుకున్నారు. ముత్యాలు వంతు వచ్చింది.

ఆమె కూడా అద్దుకుంది. మిగిలిన బిడ్డ వాడొక్కడే కదా.