ఎదురుబండి మరిడమ్మ ఎంగిలి ప్రసాదం

రండమ్మా, రండి బాబూ. ఎండలో నిలబడకండి, ఈ సరుగుడు నీడలోకి జరిగి దగ్గరగా కూర్చోండి. వెనకనున్నవారు ఇంకాస్త ముందుకు రండి, ఈ సముద్రం హోరులో నా గొంతు మీదాకా చేరదు. చేతికిచ్చిన ప్రసాదం దొన్నెలు ఒళ్ళో పెట్టుకోండి. అప్పుడే తినకండి. ఇక్కడ ప్రసాదం తినడానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియాలంటే ముందు కథ వినాలి.

భీమిలి దాటి తీరం వెంట ఉత్తరంగా వస్తే మగ్గాలవలస తగులుతుంది. ఆ ఊరి పొలిమేర రాయికి తూర్పున, ఇసుకదిబ్బ మీద వెలసినది మన ఎదురుబండి మరిడమ్మ. గర్భగుడిలోకి చూశారు కదా, అమ్మకు రాతిపీఠం లేదు. చెక్కబండి మీద కూర్చుని ఉంటుంది. ఆ చక్రాలకు అంటిన ఇసుకను ఎవరూ కడగరు. ఒడిలో నున్నటి నాడె ఒకటి ఉంది, మగ్గం మీద పోగును అటూ ఇటూ పరిగెత్తించే నాడె. కుడిపక్కన ఏడు రాళ్ళున్నాయి. అమ్మ ముఖం సముద్రం వైపు, వీపు మా ఊరి వైపు. మీరు పరాయి ఊళ్ళ నుంచి వచ్చినవారు గనుక ఎదురుగా నిలబడి దర్శనం చేసుకున్నారు. మగ్గాలవలసలో పుట్టినవారం మాత్రం అమ్మ వెనక నిలబడే దండం పెడతాం. ఆవిడ ముఖం చూసే అర్హత మాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇక్కడ కూర్చున్నాను.

పూర్వం ఇక్కడ దిబ్బ తప్ప ఏమీ ఉండేది కాదు. పూర్వం అంటే ఋషులూ రాక్షసులూ తిరిగిన కాలం అనుకునేరు! విశాఖపట్నం మీద జపాను బాంబులు పడిన ఏడాది అది. తీరానికి కాపలాగా తెల్లవాళ్ళ పటాలం ఒకటి వచ్చి ఈ దిబ్బ మీద గుడారాలు వేసింది. దాన్ని టెరిటోరియల్ పటాలం అనేవారు. అంటే పుట్టుకతో సిపాయిలు కారు. ఇంగ్లండులో ఒకే ఊరివాళ్ళు, ఒకే వీధులవాళ్ళు. వారమంతా మిల్లుల్లో, రొట్టెల అంగళ్ళలో పనిచేసుకుంటూ, సెలవురోజున తుపాకీ పట్టి కవాతు నేర్చినవారు. యుద్ధం వచ్చింది, పిలిచారు, బయలుదేరారు. ఆ మనుషులు ఈ ఎండకు ఎర్రగా కమిలిపోయి, డబ్బాల్లో వచ్చే మాంసం తింటూ, సాయంత్రాలు మౌతార్గాను వాయించుకుంటూ ఇక్కడ కాలం గడిపేవారు.

వారిలో హెర్బర్ట్ అనే అతను ఒకనాడు ఊళ్ళోకి వచ్చి, సూరన్న అనే నేతగాని వాకిట్లో ఆగిపోయాడు. లోపల గుంటమగ్గం ఆడుతోంది. ఆ చప్పుడు విని గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడట. సూరన్న కంగారుగా లేచి, "దండాలు దొరా" అన్నాడు. పటాలానికి భాష మార్చి చెప్పే దుబాసీ ఏసుపాదం పక్కనే ఉన్నాడు. అతను నవ్వి, "దొర కాదట సూరన్నా! నీలాగే నేతగాడినంటున్నాడు. వాళ్ళ మిల్లులో నాలుగు మగ్గాలు ఒక్కడే చూసేవాడట" అన్నాడు.

"నాలుగా! ఎన్ని చేతులేటి ఇతనికి?" అంది సూరన్న కూతురు ముత్యాలు. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు.

హెర్బర్ట్ మగ్గం గుంటలోకి దిగి, పొడుగు కాళ్ళు మడవలేక అవస్థపడి, పదిసార్లు పోగు తెంపి, చివరకు జానెడు బట్ట నేశాడు. ముత్యాలు దాన్ని వేళ్ళతో తడిమి, "మా అయ్య ఇంతకంటే బాగా నిద్దట్లో నేస్తాడు" అంది. ఆ మాట ఏసుపాదం చెప్పగానే హెర్బర్ట్ పడీపడీ నవ్వాడు. తరువాత ప్రతి ఆదివారం వచ్చి మగ్గం పక్కన కూర్చునేవాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. పని మాత్రం ఉమ్మడి. తెగిన పోగును ఒకరు చూపితే రెండోవారు ముడివేసేవారు.

ఇంతలో జ్యేష్ఠమాసంలో ఊరికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. వారం తిరగకుండా పంతొమ్మిది మంది పోయారు. ఇరవయ్యో మంచం ముత్యాలుది.

మా వైపు అటువంటి జాడ్యం వస్తే జాడ్యాల తల్లి మరిడమ్మను సాగనంపడం ఆచారం. వేపచెక్కతో అమ్మవారి బొమ్మ చెక్కి, చిన్నబండి మీద కూర్చోబెట్టి, పూలదండలు వేసి, ఇంటింటి నుంచి పానకం కుండలు, చలివిడి, పళ్ళు బండిలో పెట్టి, డప్పులతో పొలిమేర దాటించి వదిలివస్తారు. వదిలాక వెనక్కి చూడకూడదు. జాడ్యం బండితోపాటు పోతుందని నమ్మకం. ఎవరి దగ్గరికి పోతుందన్నది మా తాతలు ఎవరూ అడగలేదు.

సావిడి దగ్గర ఊరంతా చేరింది. బండికి ముందు తాడు పట్టే హక్కు సూరన్న ఇంటిది. అమ్మకు కట్టే ఎర్రంచు చీర నేసింది కూడా అతనే. ఊరిపెద్ద అప్పన్న అడిగాడు, "ఏటి సూరన్నా, తల దించుకున్నావు? లేచి తాడు పట్టు."

"దిబ్బ మీద గుడారాలున్నాయి మావా."

"ఉంటే? పొలిమేర అవతల ఎవులున్నారో సూసి వదిలామా ఎప్పుడైనా?"

"మడుసులున్నారు గదా మావా. మన బండి ఆళ్ళ గుమ్మంలో దించినట్టవుతాది."

"తెల్లోళ్ళు! ఆళ్ళకి డాకటేర్లున్నారు, సూదులున్నాయి. నీ గుంట ముత్యాలుకి ఎవులున్నారు?"

సూరన్న లేచి తాడు పట్టాడు.

అమ్మలారా, ఇక్కడ నేను కొంచెం ఆగుతాను.  దక్షిణంగా లాగితే మరో నాలుగు మైళ్ళు ఖాళీ ఇసుక ఉంది. కాస్త శ్రమపడితే సరిపోయేది. జబ్బుపడిన పిల్ల ఇంట్లో ఉందని, తొందరగా తిరిగి రావాలని, తిన్నగా తూర్పుకే లాగారు. మిట్టమధ్యాహ్నం గుడారాలకు ముప్పై అడుగుల దూరంలో బండి వదిలి ఊరంతా వెనుదిరిగింది. డప్పులు ఆగిపోయాయి. నాలుగడుగులు వేశాక సూరన్న ఒక్కడు వెనక్కి చూశాడు. హెర్బర్ట్ గుడారంలోంచి బయటికి వచ్చాడు. దండలు వేసిన బండిని, పళ్ళను, కుండలను చూశాడు. సూరన్నను చూసి, ముఖమంతా వెలిగిపోగా చెయ్యెత్తి ఊపాడు.

సూరన్న కూడా చెయ్యెత్తాడు. అరిచి చెప్పడానికి అదే సమయం. "ముట్టుకోకు" అన్న ఒక్కమాట చాలు. తల అడ్డంగా ఊపినా చాలు. అతను చెయ్యి దించి నడిచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ముత్యాలు కళ్ళు తెరిచి గంజి అడిగింది. ఊళ్ళో కొత్తగా ఎవరూ మంచం పట్టలేదు. బండి పోయింది, పీడ పోయిందని ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

మర్నాడు ఉదయం హెర్బర్ట్ ఏసుపాదాన్ని వెంటబెట్టుకుని సూరన్న ఇంటికి వచ్చాడు. బయటి తిండి ముట్టకూడదని వాళ్ళ పై అధికారి ఆజ్ఞ ఉందట. అయినా అంత దూరం మోసుకొచ్చి పెట్టినదాన్ని పారబోస్తే ఊరివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, అతనూ అతని గుడారంవాళ్ళూ పానకం తాగారు, పళ్ళు తిన్నారు. బొమ్మను ఎండలో వదలకూడదని గుడారంలోపలికి తీసుకువెళ్ళి పెట్టె మీద కూర్చోబెట్టారు. ఈ సంగతులన్నీ చెప్పి, జేబులోంచి ఒక నాడె తీశాడు. తన మిల్లులో వాడినది, ఇంటి గుర్తుగా సముద్రాలు దాటించి తెచ్చుకున్నది. దాన్ని సూరన్న చేతిలో పెట్టి రెండు చేతులూ జోడించాడు. మన దండం నేర్చుకుని వచ్చాడు పాపం.

"మీ ఊరు మాకు విందు పంపింది, మేము మరచిపోము అంటున్నాడు" అన్నాడు ఏసుపాదం. "ఏమయ్యా, పలకవేం? నీకు దండం పెడుతున్నాడు!"

సూరన్న నాడె పట్టుకుని గుమ్మంలోంచి ఇంట్లోకి చూశాడు. లోపల మంచం మీద కూతురు నవ్వుతోంది.

మూడోనాటికి దిబ్బ మీద జాడ్యం మొదలైంది. సూదులు వేయించుకున్నవాళ్ళే, డాక్టరు ఉన్నవాళ్ళే. అయినా ఏడుగురు పోయారు. నాలుగోవాడు హెర్బర్ట్. డాక్టర్లు అది నీళ్ళలోంచి వస్తుందన్నారు. నేను కాదనను. ఆ నీళ్ళు మా కుండలవే.

హెర్బర్ట్ పోయాక అయిదు రోజులు సూరన్న మగ్గం ముట్టలేదు. ఆరోనాడు మధ్యాహ్నం మగ్గం గుంటలోనే కునుకు పట్టింది. కలలో ఎర్రంచు చీర కట్టుకుని అమ్మ కనిపించింది. వీపు తిప్పి కూర్చుని ఉంది. సూరన్న దండం పెట్టి, "అమ్మా, ఇటు సూడవా" అన్నాడు. అమ్మ తిరగలేదు.

"నన్ను తాళ్ళు కట్టి ఈడ్చుకెళ్ళి వదిలేశారు. వాళ్ళు చేతులతో ఎత్తి లోపలికి తీసుకెళ్ళారు. పిలిచిన చోటే ఉంటాను. పోయి నీ నోటితో చెప్పు. నా బండిని నువ్వే ఎదురు లాగు" అంది.

సూరన్న లేచాడు. నీళ్ళు కాచి చల్లార్చి కొత్తకుండలో పోసుకుని, దాన్ని నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కాడు. చంపేస్తారనే అనుకుని ఎక్కాడు. అక్కడ సమాధుల దగ్గర ఆ దళానికి పెద్దయిన సార్జెంటు, ఏసుపాదం ఉన్నారు. సూరన్న కుండ దించి ఇసుకలో కూలబడి మొత్తం చెప్పాడు. బండి ఎందుకు కడతారో చెప్పాడు, గుడారాలున్నాయని తెలుసన్నాడు. చెయ్యి ఊపిన సంగతీ దాచలేదు.

ఏసుపాదం ముఖం నల్లబడింది. "ఇప్పుడా వచ్చేది? అతను నీ వాకిట్లో నిలబడి దండం పెట్టిన పూట నోరు పడిపోయిందా? ఇవన్నీ నా నోటితో చెప్పమంటావా ఈయనకి?"

"సెప్పు బాబూ. ఒక్క ముక్క తగ్గించకు."

ఏసుపాదం చెప్పాడు. సార్జెంటు కుండ వైపు చూసి ఏముందని అడిగాడు. మంచినీళ్ళని విని, "ముందు నువ్వు తాగు" అన్నాడు. సూరన్న మన పద్ధతిలో కుండ ఎత్తి పైనుంచి పోసుకోబోయాడు. సార్జెంటు చెయ్యి అడ్డం పెట్టి, అంచుకు నోరు ఆనించమని సైగ చేశాడు. సూరన్న అలాగే తాగాడు. అప్పుడు సార్జెంటు కుండ అందుకుని, అదే అంచు దగ్గర నోరు పెట్టి తాగాడు.

క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. ఒక్కమాట చెప్పాడు. "జబ్బుపడే ముందు హెర్బర్ట్ వాళ్ళమ్మకు ఉత్తరం రాశాడు. ఈ ఊరివాళ్ళు మాకు విందు పంపారని రాశాడు. ఆ ఉత్తరం వెళ్ళిపోయింది. నేను దాన్ని దిద్దను."

సూరన్న ఊళ్ళోకి వచ్చి ఆ ఉత్తరం మాట సావిడి దగ్గర చెప్పాడు. అప్పన్న లేచి ఏదో అనబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆనాటి నుంచి మా ఊరు ఎవరి మీదికీ బండి సాగనంపలేదు. ఆ పటాలం యుద్ధానికి తూర్పుగా తరలిపోయింది. తరువాత వాళ్ళ సర్కారు వచ్చి ఎముకలను పెద్ద శ్మశానానికి తీసుకువెళ్ళింది. ఏడు సమాధి రాళ్ళు మిగిలాయి, అమ్మ మిగిలింది, మేం మిగిలాం. హెర్బర్ట్ ఇచ్చిన నాడెను సూరన్న అమ్మ ఒడిలో పెట్టాడు. అమ్మ చుట్టూ గుడి కట్టుకున్నాం.

సూరన్న మొదలుపెట్టినట్టే ఇప్పటికీ ఏటా జ్యేష్ఠ బహుళంలో చివరి మంగళవారం బండిని దిబ్బ మీది నుంచి ఊరి వైపు, అంటే ఎదురు, లాగుతాం. అందుకే అమ్మకు ఆ పేరు. సూరన్న ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. అక్కడ ఆ ఇంటి పెద్ద పోయిన ఏడుగురి పేర్లు చదివి, "ఆ పానకం మేమే పెట్టాం" అని అందరికీ వినిపించేలా అంటాడు. డప్పులు ఉండవు. మళ్ళీ అమ్మను ఇక్కడికి తెచ్చి దింపుతాం. జబ్బుపడిన పిల్లల కోసం ఇక్కడ మొక్కుకున్న తల్లులను అమ్మ చల్లగా చూస్తుందని ఎందరో చెప్పారు. ఒక్కటే షరతు. పక్కవాడి పిల్ల మీదికి పోనీ అని మనసులో అనుకున్న మొక్కు ఇక్కడ చెల్లదు.

ఇక దొన్నెలు చేతుల్లోకి తీసుకోండి. మిగతా గుళ్ళలో ఎంగిలి దోషం, ఇక్కడ ఎంగిలే ప్రసాదం. పెట్టేవారు ముందు తిని, తరువాతే పరాయివారికి పెట్టాలి. చూడండి, ఇదిగో నేను తింటున్నాను. ఇప్పుడు మీరు ఒక్క ముద్ద తిని, పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషికి మీ దొన్నె అందించండి. సిగ్గుపడకండమ్మా, అందించండి. సిగ్గుపడవలసినవారం మేము.

తొమ్మిదేళ్ళ వయసులో ఆ మంచం మీద లేచి గంజి అడిగిన ముత్యాలు మా అమ్మ. ఎనభై దాటేదాకా బతికింది. అపరిచితుడికి మంచినీళ్ళయినా సరే, ఏనాడూ ముందు తాను ఒక గుక్క తాగకుండా ఇవ్వలేదు.

సముద్రాల అవతల ఎక్కడో ఒక ఇంట్లో, పాతపెట్టెలో, మగ్గాలవలస మంచి ఊరని రాసిన ఉత్తరం ఒకటి ఉండే ఉంటుంది. అది మాకు తగని మాట. దాన్ని నిజం చేయడానికే మా తిప్పలు. ఇంటికి వెళ్ళాక అమ్మను మరచినా ఫరవాలేదు, నన్ను మరచినా ఫరవాలేదు. ఈ ఒక్క పని గుర్తుంచుకోండి. పరాయి మనిషికి ఏదైనా ఇచ్చే ముందు మీరు ఒక ముద్ద తినండి, ఒక గుక్క తాగండి. తరువాత ఇవ్వండి. మళ్ళీ ఇవ్వండి.