నాంచారమ్మ కత్తులకు పదును

ఇది చిన్న కథ, రెండు మాటల్లో చెప్పేస్తాను. అన్నట్టు, ఇందులోని దండనాయకుడు చెంచురాయుడి మీసాలకు రోజూ నెయ్యి రాయడానికే ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి బాగా లావయ్యాడని చెప్పుకునేవారు. సరే, కథ.

పక్క రాజ్యంలో అన్నదమ్ములిద్దరు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. చెంచురాయుడు కమ్మరి నాంచారమ్మ కొలిమికి వచ్చి, తమ్ముడి కోసం రహస్యంగా వెయ్యి కత్తులు చేయమన్నాడు. ఆమె కూతురి కాపురం ఆ పక్క రాజ్యపు రాజధానిలోనే. కాదంటే కొలిమి పోతుంది.

“చేస్తాను దొరా. అన్నగారికి తెలిస్తేనో?”

“మన ముద్ర వేయకు. ఎవరు చేశారో బ్రహ్మకు కూడా తెలియదు.”

“బ్రహ్మకు తెలియదు గానీ కమ్మరికి తెలుస్తుంది దొరా. కత్తి మొద్దుబారితే చేసినవాళ్లే పదును పెట్టాలని మా కులకట్టు. యుద్ధంలో కత్తులు చేతులు మారతాయి. అన్నగారి సైనికులు వాటిని పదునుకు తీసుకెళ్తే, అక్కడి కమ్మరి నా పనితనం గుర్తుపట్టి ఇక్కడికే పంపుతాడు. వచ్చినవాళ్లను ఈ కొలిమి దగ్గర కూర్చోబెట్టనా, మీ ఇంటి అరుగు మీదా?”

చెంచురాయుడు గుర్రం కళ్లెం అందుకున్నాడు. “తొందరేముందిలే, ఆలోచిద్దాం” అని గుర్రమెక్కాడు.

కత్తులు రాకపోయేసరికి తమ్ముడి సైనికులు వరికోతలకు వెళ్లిపోయారు. అది చూసి అన్న సైనికులూ వెళ్లిపోయారు. యుద్ధ మైదానంలో అన్నదమ్ములిద్దరే మిగిలారు. ఇద్దరికీ వంట రాదు. రాజధానికి నడిచి వెళ్లి నాంచారమ్మ కూతురింట్లో భోజనానికి కూర్చున్నారు.