నల్ల తుపాకి, ఎర్ర తుపాకి, వీధి తలుపు

కొండ దిగువన బొడ్డపాడులో దాలినాయుడి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనలేదు. దాలినాయుడే అన్నాడు. తమ్ముడు గవరయ్య ఔనన్నాడు. పెళ్ళాం సన్యాసమ్మ "మరి కాదేటి?" అంది. ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద ఉన్నాక ఇంక పైవాళ్ళ సాక్ష్యం ఎందుకు?

"మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే," అనేవాడు దాలినాయుడు మీసం సవరించుకుంటూ.

అందులో అబద్ధం లేదు. ఓసారి సన్యాసమ్మ ఏటికి నీళ్ళకి వెళ్తూ "మరిదీ, కాస్త ఇల్లు చూస్తుండు" అంది. అంతే. గవరయ్య వీధికి అవతల గట్టు మీద కూచుని రెప్ప వాల్చకుండా ఇల్లు చూశాడు. పక్కింటి మేకలు లోపలికి వెళ్ళడం చూశాడు. బియ్యం మేసి, మూతులు నాక్కుంటూ బయటికి రావడం చూశాడు. వదిన తిరిగొచ్చి లబోదిబోమంటే, "నీ ఇల్లు ఒక్క అంగుళం అటో ఇటో కదిలి ఉంటే నన్నడుగు" అన్నాడు. దాలినాయుడు తమ్ముడి వీపు తట్టాడు.

ఇంత తెలివున్నా వాళ్ళకీ ఓ కష్టం వచ్చింది. వాళ్ళకున్నదల్లా ఇంటి వెనకనుంచి కొండవార దాకా ఒక్క చెక్క వేరుశనగ చేను. నిరుడు అడవిపందులు దిగి, చేనంతా ముట్టెలతో దున్ని, ఒక్క కాయ మిగల్చకుండా పోయాయి. ఆ ఏడాదంతా గంజితోనే గడిచింది. సన్యాసమ్మ గంజి పోస్తూ అటు తిరిగి కళ్ళు తుడుచుకునేది. దాలినాయుడు అది చూసి కూడా చూడనట్టు ఊరుకునేవాడు. ఈ ఏడు దేవుడు చల్లగా చూశాడు. ఊడ ఊడకీ కాయ దిగింది. అదిగో, అప్పుడే చేలో పంది అడుగులు మళ్ళీ కనబడ్డాయి.

ఊళ్ళో జగ్గరాజు గారని పాత వేటగాడుండేవారు. మోకాళ్ళ నొప్పులొచ్చి వేట మానేశారు. ఆయన దగ్గర రెండు తుపాకులున్నాయి. అన్నదమ్ములిద్దరూ వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డారు. ఆయనకి జాలేసింది. పంట కాపలాకి కావలసిన అనుమతి తనే తెప్పించి, రెండు తుపాకులూ అరుగు మీద పెట్టి, ఓపిగ్గా చెప్పారు.

"చూడరా దాలినాయుడూ. ఒకటి మీకు, ఒకటి మా అల్లుడికి. ఏది కావాలో మీరే తేల్చుకోండి. ఈ నల్లది పాతది. మహా నమ్మకమైంది. వానైనా ఎండైనా మోసం చెయ్యదు. కాకపోతే పేలేటప్పుడు కాస్త తన్నుతుంది. ఈ ఎర్రకర్రది కొత్తది. పనితనం చూడు, ఎంత నునుపో! ఇది తన్నదు. కానీ దుమ్ము తగిలితే మొరాయిస్తుంది."

"తన్నేదొకటి, మొరాయించేదొకటి," అన్నాడు గవరయ్య. "మా ఎద్దులూ ఇంతే బాబూ."

"రెండూ గడియ తుపాకులే. ఇదిగో, ఈ పక్కనున్న ఇనప గడియ చూశావా? దీన్ని పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకి తొయ్యాలి, కిందికి దించాలి. అప్పుడు లోపల తూటా కూర్చుంటుంది. ఏదీ, చెప్పు?"

"పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకి తొయ్యాలి, కిందికి దించాలి," అన్నాడు దాలినాయుడు తడుముకోకుండా.

"శభాష్. తూటాలు మాత్రం ఇప్పుడే ఇవ్వను. ముందు పట్టుకోవడం అలవాటు చేసుకోండి. రెండూ తీసుకెళ్ళి, ఏది మీ చేతికొస్తుందో అది ఉంచుకుని రెండోది తెచ్చివ్వండి. కన్నబిడ్డలా చూసుకోవాలి సుమా! శుభ్రంగా నూనె పట్టించండి."

"మరి ఈలోగా పందులొస్తేనో బాబూ?"

జగ్గరాజు గారి మోకాలు సలుపుతోంది. విసుగ్గా "వస్తే తుపాకి చూపించు, పారిపోతాయి" అని లోపలికి వెళ్ళిపోయారు.

అంతే. తిరుగు ప్రయాణం మొదలైంది. నల్లది తన్నుతుందన్నారు కదా, పాలిచ్చే ఆవుకి వేసినట్టు దాని కాళ్ళకి బందం వేద్దామని గవరయ్య తాడు తీశాడు. ఎంత వెతికినా కాళ్ళు కనబడలేదు.

"కాళ్ళు లేకుండానే తన్నుతోందంటే అదెంత పొగరుదో చూడన్నా!" అన్నాడు.

ఆఖరికి దాన్ని నిలువునా తాడుతో చుట్టి, ఓ కర్రకి వేలాడదీసి, చెరో కొసా భుజాన వేసుకున్నారు. ఎర్రదాన్ని దాలినాయుడు తువ్వాల్లో చుట్టి చంటిబిడ్డలా ఎత్తుకున్నాడు. దారిలో ఓ బండి ఎదురైంది. గుప్పున దుమ్ము లేచింది. దాలినాయుడు కళ్ళు నులుముకుంటూ ఆగాడు.

"ఏమైందన్నా?"

"ఎర్రది ఆగిపోయిందిరా."

"అదెలా ఆగింది?"

"నేనాగాను. నాతోపాటు అదీ ఆగింది."

"మొరాయించిందన్నమాట! దుమ్ముకి మొరాయిస్తుందని రాజుగారు ముందే చెప్పారు. తోక మెలిపెట్టు!"

తోక కోసం తడిమితే పక్కనున్న ఇనప గడియ చేతికి తగిలింది. దాలినాయుడు దాన్ని మెలిపెట్టాడు, లాగాడు, మళ్ళీ మెలిపెట్టాడు. ఏ మీట నొక్కాడో ఏమో, గడియ కాస్తా ఊడి చేతిలోకి వచ్చింది. దాలినాయుడు నాలుగడుగులు వేసి చూశాడు. తుపాకి కూడా వచ్చింది.

"తోక ఊడింది గానీ మొండితనం వదిలింది," అన్నాడు సంతోషంగా.

ఇంటికొచ్చాక ఆ గడియ చూసి సన్యాసమ్మ ముఖం చేటంత అయింది. "నా తండ్రే! వీధి తలుపుకి గడియ లేక ఎన్నాళ్ళనుంచి రుబ్బురోలు అడ్డం పెట్టుకుంటున్నానో!" అంది. ఇంకేముంది, గవరయ్య తలుపుకి రెండు ఇనప కొంకీలు కొట్టి గడియ బిగించేశాడు. సన్యాసమ్మ దాన్ని టక్కుమని వేసి, టక్కుమని తీసి మురిసిపోయింది.

తర్వాత కన్నబిడ్డ సంగతి. సన్యాసమ్మ ఎర్రదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని నువ్వులనూనె పెట్టి తలంటింది. నల్లదాని జోలికి వెళ్ళలేదు. "తన్నేదానికి నూనెలు కూడానా?" అంది.

ఆ పైన, ఏది చేతికొస్తుందో తేల్చాలి. రెండింటినీ గోడకి చేరేసి, దాలినాయుడు ఎదురుగా నించుని చెయ్యి చాపాడు.

"దా, దా!" అన్నాడు. రెండూ కదల్లేదు.

"పచ్చగడ్డి చూపించన్నా."

గడ్డి చూపించాడు. ఆ గడ్డికి ఆశపడి పక్కింటి మేక గోడ పక్కనుంచి దూసుకొచ్చింది. నల్ల తుపాకి ఒరిగి, దాని కర్ర మడమ దాలినాయుడి బొటనవేలి మీద ధబీమని పడింది.

"ఓలమ్మో! చేతికి రమ్మంటే కాలికొచ్చిందే!" అని ఒంటికాలి మీద గెంతాడు. గెంతుతూ గెంతుతూ ఆగిపోయాడు. అతని కళ్ళు మెరిశాయి. "ఒరే గవరయ్యా, తన్నుతుందని రాజుగారన్నారు. తన్నింది! అన్నమాట నిలబెట్టుకుంది. ఎంత నమ్మకమైందిరా ఇది!"

"ఒక్క తన్నుకే నమ్మేస్తామేటి?" అంది సన్యాసమ్మ. "పనివాణ్ణి పెట్టుకున్నా ఓ పూట చూసి పెట్టుకుంటాం. రెంటి మధ్యా పక్కింటివాళ్ళిచ్చిన అరిసెల పళ్ళెం పెట్టి బయటికి పోదాం. ఏది ముట్టుకోకపోతే అది నమ్మకమైంది."

దాలినాయుడు పెళ్ళాం వైపు గర్వంగా చూశాడు. ఇలాంటి తెలివి ఊరికే వస్తుందా? అంతే. పళ్ళెం పెట్టి ముగ్గురూ చేలోకి వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఓ పిల్లి మూతి తుడుచుకుంటూ గడప దాటింది. పళ్ళెం ఖాళీ. దాలినాయుడు పిల్లికి దారిచ్చి, గబగబా లోపలికెళ్ళి నల్లదాని గొట్టం వాసన చూశాడు. ఏమీ లేదు. ఎర్రదాని గొట్టం వాసన చూశాడు.

"నువ్వులనూనె! అరిసెల వాసన! దొంగ దొరికింది!"

"అన్నీ తిందా?" గవరయ్య ఖాళీ పళ్ళెం తిప్పి చూశాడు. "నాకొక్కటైనా ఉంచలేదే!"

"పనితనం ఉంటే సరా, బుద్ధి ఉండొద్దూ?" అంది సన్యాసమ్మ.

అలా నల్లదే మంచిదని తేలింది. తేలిన కాసేపటికే, పొద్దు వాలుతుండగా చేను వైపు గురగురమని చప్పుడైంది. పందులు! దాలినాయుడి కళ్ళ ముందు నిరుటి గంజి మెదిలింది. అయినా ధైర్యం తెచ్చుకుని నల్లదాన్ని చంకన పెట్టాడు. గవరయ్య ఎర్రదాన్ని అందుకున్నాడు. సన్యాసమ్మ లోపలినుంచి కొత్త గడియ వేసుకుంది.

చేలో చెవి చిరిగిన పెద్ద మగపంది, దాని వెనక మంద. దాలినాయుడు నాలుగు బారల దూరంలో నించుని గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో, చూడండి," అన్నాడు. "ఇది నల్లది. పాతదే గానీ మాట తప్పదు. కావాలంటే నా బొటనవేలు చూడండి. ఇక అది ఎర్రది. ఒరే గవరయ్యా, కాస్త పైకెత్తు, వెనకనున్నవాటికి కనబడాలి. చూడ్డానికి నునుపే, కానీ దానికి దొంగబుద్ధి."

పంది చూసింది. చెవి విదిలించింది.

"చూశాయిగా, మరి పారిపోవేం?" గవరయ్య గుసగుసగా అడిగాడు.

"తిప్పి చూపిద్దాం. అటువైపు చూడలేదు."

తిప్పేలోపు పంది ముట్టె దించి ఒక్క ఉదుటున ఉరికింది. ఇంకేముంది! తుపాకులక్కడ, తలపాగాలక్కడ. ఇద్దరూ పంచెలు ఎగ్గట్టి ఇంటి వైపు పరుగో పరుగు. వెనక మంద.

"సన్యాసీ! తలుపు తియ్యవే!"

"ఈ గడియ ఎలా తియ్యాలో మర్చిపోయాను మావా! నువ్వు చెప్పు!"

అన్నీ మర్చిపోయినా దాలినాయుడికి ఆ పాఠం మాత్రం గుర్తుంది. "పైకెత్తు! వెనక్కి లాగు! ముందుకి తొయ్యి! కిందికి దించు!"

లోపల టక్, టక్, టక్, టక్ మంది.

"చేశాను మావా!"

"మరి తలుపు తెరుచుకోలేదే?"

"తెరుచుకుంది. ముందుకి తొయ్యమన్నావు, తోశాను. మళ్ళీ పడింది."

"నాలుగూ సరిగ్గా చేశావా?"

"నాలుగూ చేశాను!"

"అయితే ఇంకా తొందరగా చెయ్యి వదినా!" గవరయ్య ఏడుపు లంకించుకున్నాడు. "పంది ఊపిరి నా పిక్కలకి తగుల్తోంది!"

సన్యాసమ్మ చెంగు బిగించి మొదలెట్టింది. టక్ టక్ టక్ టక్! టక్ టక్ టక్ టక్! దాలినాయుడు తలుపుకి కరుచుకుపోయి కళ్ళు మూసుకున్నాడు. ఇంక అయిపోయింది అనుకున్నాడు. పాపం సన్యాసి గంజి ఒక్కత్తే తాగాలి అనుకున్నాడు.

ఆ చప్పుడుకి చెవి చిరిగిన పంది ఠక్కున ఆగింది. జగ్గరాజు గారి తుపాకి గడియ ఆ కొండల్లో ఎన్నోసార్లు ఇలాగే చప్పుడు చేసింది. ఆ చెవి చిరిగింది కూడా ఆ చప్పుడు తర్వాతే. అంతే. పంది కీచుమని వెనక్కి తిరిగింది. దాని వెనక మందకి మంద కొండెక్కేసింది.

చాలాసేపటికి దాలినాయుడు ఒక కన్ను తెరిచాడు.

"ఒరే, తుపాకులు చూస్తే మీదికొచ్చాయి. తలుపు చూసి పారిపోయాయి. నల్లదీ కాదు, ఎర్రదీ కాదు. అన్నిట్లోకీ మన తలుపే నమ్మకమైంది!"

"తన్నను కూడా తన్నదు," అన్నాడు గవరయ్య.

మర్నాడు పొద్దున్నే తలుపు ఊడబెరికారు. చేను నడిమధ్య రెండు గుంజలు పాతి నిలబెట్టారు. సన్యాసమ్మ దాని వెనక పీట వేసుకుని పొద్దున్నా సాయంత్రం గడియ ఆడించింది. పంది అన్నది ఆ ఛాయలకి రాలేదు. పంట గింజ పోకుండా చేతికొచ్చింది. కాయలు చేలో కుప్ప పోసిన నాడు సన్యాసమ్మ ఓ గుప్పెడు తీసి మొగుడి చేతిలో పోసింది. దాలినాయుడు ఒకటి ఒలిచి ముందు ఆమె నోట్లో పెట్టాడు.

సరిగ్గా అప్పుడే జగ్గరాజు గారు కర్ర పోటేసుకుంటూ చేలోకి వచ్చారు. గట్టు మీద చూసుకుంటే ఆయన తుపాకులు రెండూ ఉన్నాయి గానీ ఒకదానికి గడియ లేదు.

"ఒరే దాలినాయుడూ! ఎర్రదాని గడియ ఏదిరా?" అంటూ తలుపు పక్కనుంచి రాబోయారు.

"అయ్యయ్యో, ఆగండి బాబూ!" దాలినాయుడు అడ్డంపడ్డాడు. "తలుపుండగా తమరంతటివారు దొడ్డిదారిన రావడమేటి? అటే ఉండండి, తీస్తాం."

ఆయన కర్ర మీద ఆనుకుని అక్కడే నిలబడిపోయారు. సన్యాసమ్మ గడియ లాగింది. రాలేదు. గవరయ్య లాగాడు. రాలేదు. కాయ తీసే హడావుడిలో నాలుగు రోజులు ఆడించకపోయేసరికి, మంచుకి తడిసి గడియ తుప్పు పట్టేసింది.

"ఎండలో పెద్దాయన్ని బయట నిలబెట్టాం, ఎంత అప్రతిష్ఠ!" దాలినాయుడు తల పట్టుకున్నాడు.

"పోనీ కిటికీలోంచి రమ్మందామా?" అంది సన్యాసమ్మ.

"కిటికీ ఇంటి దగ్గరుండిపోయిందే!"

"అదెంత పని? చిటికెలో తెస్తాను," అని గవరయ్య గునపం భుజాన వేసుకుని ఇంటికి పరిగెత్తాడు.

"ఒరే! వద్దురా! ఆగరా!" జగ్గరాజు గారు అరుస్తూనే ఉన్నారు. ఆయన గొంతుని మించి ఓ పెద్ద చప్పుడు వినబడింది. ఇంటి వైపు దుమ్ము మబ్బులా లేచింది. ఆ దుమ్ములోంచి, ఒళ్ళంతా మట్టి కొట్టుకుని, నెత్తిన కిటికీతో గవరయ్య నవ్వుతూ వచ్చాడు.

"కిటికీకి ఏమైనా దెబ్బ తగిలిందట్రా?" ఆత్రంగా అడిగాడు దాలినాయుడు.

"చిన్న పెచ్చు కూడా ఊడలేదన్నా. ఇల్లే కాస్త అడ్డొచ్చింది. పడుకోబెట్టేశాను."