పూజలో ఉండిపోయిన జాకీ

దసరా వెళ్లాక వచ్చిన ద్వాదశి, శనివారం, సాయంత్రం నాలుగున్నర. అనకాపల్లిలో నరసింగరావు ఇంటి ముందు మాణిక్యాంబగారు ఆటో దిగేసరికి, ఆ ఇంటి కోడలు హైమవతి కొత్త కారు డిక్కీ తెరిచి ఎదురుచూస్తోంది.

మాణిక్యాంబగారు పేరున్న హరికథ భాగవతారిణి. హైమవతికి గజ్జె కట్టిన గురువు. ఆ ఇంట్లో ఏ మంచి పని తలపెట్టినా ఆవిడ ‘ఊఁ’ అనాల్సిందే.

ఈసారి ఆ ‘ఊఁ’ మరీ అవసరమైంది. ఆడపడుచు శ్యామలకి నెలలు నిండుతున్నాయి. పాడేరులో అత్తవారింటి నుంచి పురుటికి తీసుకురావాలి. హైమవతి భర్త నరసింగరావుకి బండి నడపడం రాదు. ఆ ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడదే కాదు, మొదటి మనిషే హైమవతి. “రేపు నేనే వెళ్లి తెస్తాను” అంది. అత్తగారు సూరమ్మగారికి కోడలి మీద నమ్మకం ఉంది కానీ, ఘాట్ రోడ్డు మీద లేదు. “అమ్మగారు వెళ్లమంటే వెళ్దాం” అన్నారు.

“చూడండి అమ్మగారూ, దారిలో ఏమొచ్చినా భయం లేదు” అంటూ హైమవతి డిక్కీలోవి ఒక్కొక్కటే చూపించింది. జాకీ, చక్రాలు విప్పే స్పానర్, లాగుడు తాడు, టార్చి, మందుల పెట్టె, బండి వెనక రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం, కప్పుకోడానికి దుప్పటి, మంచినీళ్ల డబ్బా. అన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. నవమినాడు ఆయుధపూజ చేసింది కదా, జాకీకీ స్పానర్‌కీ పసుపూ కుంకుమా మెరుస్తున్నాయి. రెంటినీ కలిపి కట్టిన పసుపుదారంలో చామంతి పువ్వు వాడిపోయి ఉంది.

“ఎంత ముచ్చటగా సర్దావే!” అన్నారు మాణిక్యాంబగారు.

హైమవతి మొహం వెలిగిపోయింది. అత్తగారి వైపు ‘చూశారా’ అన్నట్టు చూసింది.

“నవమినాడు నీ చిడతలు కూడా పూజలో పెట్టావుగా?”

“పెట్టానండి. దశమినాడు తీసి, మీరు నేర్పిన కీర్తన పాడాను కూడా.”

“మరి వీటిని?”

హైమవతి తెంపని పసుపుదారం వైపు చూసింది.

మాణిక్యాంబగారు అరుగు మీద కూర్చున్నారు. “ఆ ముందు చక్రం విప్పి తెచ్చి, నా కాళ్ల దగ్గర పెట్టమ్మా.”

“అది బాగానే ఉంది కదండీ!”

“పాడైనప్పుడు నేను అక్కడ ఉండను కదే.”

“పూజ చేసినవి, అమ్మగారూ...” అని సూరమ్మగారు నసిగారు. మాణిక్యాంబగారు లేచి వెళ్లి, ఆ పసుపుదారం తన చేత్తోనే తెంపి, పువ్వు కళ్లకద్దుకుని, జాకీ తీసి శిష్యురాలి చేతిలో పెట్టారు. పక్కనే ఉన్న స్టెప్నీని బొటనవేలితో నొక్కారు. వేలు మెత్తగా లోపలికి దిగింది.

“పాపం, దీనికి ఉపవాసం ముగిసినట్టు లేదు” అన్నారు.

హైమవతి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. ముందు జాకీ వేసి బండి లేపింది. తీరా నట్టు తిప్పబోతే, నట్టుతో పాటు చక్రమే తిరిగింది. ఎదురింటి డాబా మీంచి ఎవరో కిసుక్కున నవ్వారు. వేదిక మీద వందల మంది ముందు తడబడని మనిషికి చెవులు ఎర్రబడ్డాయి.

నరసింగరావు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు.

“రేపు నువ్వూ వెళ్తున్నావా నాయనా?” అని మాణిక్యాంబగారు అడిగారు.

“లేదండి, అత్తాకోడళ్లే.”

“అయితే ఆ స్టెప్నీకి గాలి కొట్టించుకురా.”

అతను దాన్ని దొర్లించుకుంటూ వీధి చివరికి వెళ్లాడు.

హైమవతి బండి మళ్లీ దించింది. చక్రం నేల మీద ఆనగానే నట్లు వదులు చేద్దామని స్పానర్ మీద రెండు చేతులూ వేసి నొక్కింది. కదల్లేదు. కాలు వేసి తొక్కింది. కీచుమంది. ఇంకోసారి తొక్కితే, వచ్చింది. తర్వాత మళ్లీ లేపింది. చక్రం రెండు చేతులా ఎత్తి తెచ్చి గురువుగారి కాళ్ల ముందు పెట్టేసరికి, చెమటకి నుదుటి బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

“మళ్లీ పెట్టు” అన్నారు మాణిక్యాంబగారు.

పెట్టింది. ఈసారి ఎదురింటి డాబా మీద ఎవరూ నవ్వలేదు.

వీధి దీపాలు వెలిగే వేళకి ఆటో వచ్చింది. హైమవతి వంగి దణ్ణం పెట్టబోయి, నల్లటి చేతులు చూసుకుని ఆగిపోయింది. మాణిక్యాంబగారే ఆ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆవిడ తెల్లచీర అంచుకీ మసి అంటింది.

“మొక్కినవన్నీ పలకవమ్మా. పట్టుకున్నవే పలుకుతాయి. ఊఁ, వెళ్లిరా” అని ఆటో ఎక్కారు.

మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ గుమ్మంలోకి వచ్చారు. నరసింగరావు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. సూరమ్మగారు కుంకుమ భరిణె తెచ్చారు. డిక్కీ వైపు వెళ్లలేదు. కోడలి కుడిచెయ్యి పట్టుకున్నారు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు. ఆ చేతి మీద బొట్టు పెట్టి, ఎదురింటి వాళ్లకి వినపడేలా, “పద, మన పిల్లని తెచ్చుకుందాం” అని ముందు సీట్లో కూర్చున్నారు.