ఖాళీ లేని మాట

సోమయాజులు మాస్టారికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. కాలేజీలో పనిచేసినన్నాళ్ళూ పిల్లలు దాన్ని లోతు అనుకున్నారు, ఇంట్లో ఆవిడ చెముడు అనుకుంది. రిటైరై ఊరికొచ్చాక వసారాలో కూర్చుని సి అనే కంప్యూటరు భాష చెబుతున్నారు.

ఆయన శిష్యురాలు పైడితల్లి. పంచాయతీ గోడకున్న ఎర్ర దీపాల బోర్డును నడిపేది ఆమే. ఆ బోర్డు ఇరుకు, ఒకసారికి ఒక్క మాటే పడుతుంది. అందుకని వాక్యాన్ని ఖాళీ ఉన్న చోటల్లా కోసి, మాట తర్వాత మాట చూపించేలా ఆమె ప్రోగ్రాం రాసింది. ఆ కోతకు సి భాషలో స్ట్ర్‌టాక్ అనే కత్తెర సిద్ధంగా ఉంటుంది.

"కోసేముందు వాక్యానికి నకలు తీసుకోమంటారు. అసలుదాన్నే కోసేస్తే ఏటవుతాది మాస్టారూ?" అని ఒకరోజు అడిగింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కొయ్యి, చూద్దాం" అన్నారు.

అప్పటికే ఆమె నెత్తిమీద ఇంకో చిక్కుంది. మొన్నామధ్య బోర్డు మీద "మంచినీళ్ళ మోటారు సర్పంచి కొబ్బరితోటలో తిరుగుతోంది" అని వేసింది. ఊరంతా చెవుల్లో చెప్పుకున్న సంగతే. ఎర్ర దీపాల్లో కనబడేసరికి మాత్రం అందరూ కొత్తగా ఆశ్చర్యపోయారు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు సర్పంచి లెంక అప్పలస్వామి.

"అదే బోర్డు మీద క్షమాపణ ఎయ్యి. పొద్దున్నించి సాయంత్రం దాకా తిరగాల. లేదంటే కంప్యూటరు గది తాళంచెవి ఇచ్చేసి పో" అన్నాడు.

ఆ గదీ ఆ కంప్యూటరూ తప్ప పైడితల్లికి తన విద్య చూపించుకునే చోటు ఊళ్ళో మరొకటి లేదు. తల్లి అయితే "ఒక్క మాటే కదే, ఎయ్యి" అంది. పైడితల్లి వేసింది, నాలుగు మాటలు: "క్షమించండి అని నేను అనను." ఈసారి నకలు తీసుకోలేదు. ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటినుంచి తిరిగేలా పెట్టి బయటికొచ్చింది.

జనం అప్పటికే చేరారు. ఏదో పనిమీద వచ్చామని ఎవరికి వారే చెప్పుకున్నారు. బోర్డు వెలిగింది. క్షమించండి. అని. నేను. అనను. ఎవడో ఈల వేశాడు. "అమ్మో పైడీ!" అన్నారు.

పెద్దమనిషి గనక సర్పంచి ఆలస్యంగా వచ్చాడు. అప్పుడే బోర్డు రెండో చుట్టు మొదలుపెట్టింది. క్షమించండి. ఆ తర్వాత మళ్ళీ క్షమించండి. మళ్ళీ అదే.

సర్పంచి మీసం దువ్వుకున్నాడు. "బుద్ధిమంతురాలు" అన్నాడు. ఈల వేసినవాడే అందరికన్నా ముందు తలూపాడు.

పైడితల్లి జనంలో నిలబడ్డ మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. "మిగతా మాటలేవి మాస్టారూ? చెరిగిపోయాయా?"

"ఎక్కడికీ పోలేదు. మొదటి చుట్టులో కత్తెర కోసిన చోటల్లా ఒక సున్నా పెట్టి పోయింది. వాక్యం అక్కడితో అయిపోయిందని యంత్రం ఆగిపోతోంది, అంతే."

తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. "ఊరుకోయే. ఆయన సంతోషించాడు, నీ తాళంచెవి నీకుంది. నువ్వు అనలేదని నీకు తెలుసు కదా."

"నాకు తెలిస్తే సాలదమ్మా" అని పైడితల్లి లోపలికెళ్ళింది.

బోర్డు ఆరింది. కాసేపటికి వెలిగింది. క్షమించండనినేననను.

కత్తెరకు ఎక్కడా ఖాళీ దొరకలేదు. బోర్డులో పట్టని ఆ మాట కుడినుంచి ఎడమకు, అక్షరం వెనక అక్షరం, రైలులా సాగిపోయింది. రెండో చుట్టూ అలాగే వచ్చింది. మూడోదీ అంతే.

సర్పంచి పెదాలు కదుపుతూ చదవడం మొదలెట్టాడు. "క్షమించండ..." దాకా మొహం వికసించింది. అక్కడ ఆగడానికి చోటు లేదు. చివరిదాకా చదివి, "ఆర్పండ్రా దాన్ని!" అని కేకేశాడు.

పంచాయతీ కరెంటు చూసే తవుడు బుర్ర గోక్కున్నాడు. "దీనికీ మన మోటారుకీ ఒకటే లైను బాబూ. ఇది ఆపితే తోటకి నీళ్ళాగిపోతాయి."

జనంలో ఎవరూ నవ్వలేదు. అందరికీ ఒక్కసారే దగ్గు వచ్చింది.

సర్పంచి తోటవైపు చూశాడు, బోర్డువైపు చూశాడు. "సాయంత్రం దాకా తిరగాలని చెప్పింది నేనే కదా. తిరగనీ" అన్నాడు.

పైడితల్లి తనంతట తానే వెళ్ళి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. దాంతో ఏం చెయ్యాలో తెలియక ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

తిరిగొచ్చి ఆమె మాస్టారి పక్కన నిలబడింది. "ఇప్పుడైనా చెప్పండి. కోసేముందు నకలు తీసుకోవాలా, అక్కర్లేదా?"

మాస్టారు బోర్డు మీంచి చూపు తిప్పలేదు.

"మాటను బట్టి" అన్నారు.