జరీబాబు ముద్దులు

ఓ ఇంటి హాల్లో, టీవీ పక్కనున్న గాజుతొట్టిలో, ఉప్పునీళ్ల అడుగున కుచ్చులమ్మ అనే ఎనిమోన్ ఓ బండమీద కొలువుదీరి ఉండేది. చూడటానికి పువ్వు, నిజానికి జంతువు. కుచ్చుల్లాంటి ఆమె వేళ్ల మధ్యకి వస్తే ఎవరికైనా ఒళ్లు మండిపోవాల్సిందే. చెంగావికీ, ఆమె మొగుడు బుల్లయ్యకీ మాత్రం మండదు. ఆ నారింజరంగు క్లౌన్ చేపల కాపురం ఆమె ఒళ్లోనే. కొత్తలో ఓసారి తోక ఆనించి, ఓసారి పొట్ట ఆనించి, ఆమె జిగురు ఒంటికి పట్టించుకుని సంపాదించుకున్న చోటు అది. ఇప్పుడు ఆ ఒడి చాటునే, బండకి అంటించి, చెంగావి గుడ్లు పెట్టింది. బుల్లయ్య రెక్కలతో వాటికి విసురుతున్నాడు.

అంతలో ఇంటాయన ఓ సీతాకోకచేపని తెచ్చి తొట్టిలో వదిలాడు. పసుపు చారలు నచ్చాయట. అది ఏం తింటుందో అడగాలన్న బుద్ధి ఆయనకి పుట్టలేదు. దాని పేరు జరీబాబు. మూతి పొడుగు, మర్యాద అంతకన్నా పొడుగు.

“కుచ్చులమ్మగారూ! ఇంత అందం పెట్టుకుని ఈ అలగా జనాన్ని ఒళ్లో పెట్టుకున్నారేమిటండీ? పొద్దస్తమానం మీమీద పొర్లడమే కదా వీళ్ల పని!” అంటూ ఓ కుచ్చు కొస పుటుక్కున కొరికాడు.

“అబ్బా! ఏమిటది?”

“ముద్దండీ. మా వంశంలో గొప్పవాళ్లని ఇలాగే పలకరిస్తాం,” అంటూ ఇంకో రెండు కొసలు కొరికాడు.

“ఎంత సంస్కారం! చూసి నేర్చుకో చెంగావీ.”

“అక్కా, నీ వేళ్లు తెగాయి చూసుకో.”

“నీకు కుళ్లు! ఇక మీరు ఖాళీ చెయ్యండి. బాబుగారుంటారు నాకు.”

చెంగావి గుడ్లవైపు చూసింది. తాము అటు కదిలితే ఇటు ఒక్క గుడ్డు మిగలదు. జరీబాబు చూపంతా ఆ బండమీదే ఉంది.

“పోట్లాడదామా?” అన్నాడు బుల్లయ్య.

“నువ్వు విసురు, చాలు.”

చెంగావి కుచ్చులమ్మ ముందుకొచ్చి తల వంచింది. “పోతాంలే అక్కా. బాబుగారు నీకు మాకంటే దగ్గరివారు కదా, ఒక్కసారి నీ ఒళ్లో పవళించమను. కళ్లారా చూసి వెళ్లిపోతాం.”

కుచ్చులమ్మ మురిసిపోయి కుచ్చులన్నీ విప్పింది. “రండి బాబూ!”

జరీబాబు వెనక్కి జరిగాడు. “ఇప్పుడెందుకండీ... మీమీద గౌరవంతో దూరంగానే...”

“ముద్దులకి లేని దూరం ఇప్పుడొచ్చిందా?” అంది చెంగావి.

“ఈ పొట్టిదానికున్న పాటి ధైర్యం లేదా మీకు?” కుచ్చులమ్మ మూతి ముడిచింది.

జరీబాబుకి పౌరుషం వచ్చింది. దానికి తోడు కిందనున్న గుడ్లు నోరూరిస్తున్నాయి. ఈ మరుగుజ్జులు చేసేది తను చేయలేడా! ఒక్క ఉరుకున ఒళ్లోకి దూకాడు. కుచ్చులన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి.

గాజు అదిరేలా గిలగిల కొట్టుకుని, ఎలాగో వదిలించుకుని, ఒంటినిండా తెల్లటి మచ్చలతో ఫిల్టరు గొట్టం వెనక్కి పోయి నక్కాడు.

“పాపం, నా ఒడి సరిపడలేదేమో,” అంది కుచ్చులమ్మ.

“ఒడి ఎందుకక్కా ఆయనకి? వేళ్లయితే బాగానే అరిగాయి,” అంది చెంగావి. కుచ్చులమ్మ తెగిన కొసలు చూసుకుని, కుచ్చులు మళ్లీ గుడ్లమీదికి వాల్చింది.

“మీకెందుకు... మండదు?” గొట్టం వెనకనుంచి మూలిగాడు జరీబాబు.

“మేం ఉండటానికొచ్చాం బాబూ. నువ్వు తినడానికొచ్చావు,” అని చెంగావి మళ్లీ చూడకుండా గుడ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఒళ్లోకి రమ్మంటే జంకేవాడి ముద్దులకి మురిసిపోకూడదు.