నక్క గీసిన జింక ఇల్లు

ఎడారి మాడిపోతోంది. జిల్లేడు పొద చాటున జింక పైడమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. నిన్ననే ఈనింది. పిల్లను బోడి ఇసుక దిబ్బ వెనక పడుకోబెట్టి, తను దూరంగా వచ్చేసింది. తల్లి పక్కనే ఉంటే ఆ వాసనకి పిల్ల దొరికిపోతుందని జింకల భయం.

పొదకు ఇవతల నక్క తోకతో ఇసుక చదును చేసి ఎడారి పటం గీస్తోంది. ఎదురుగా తోడేలు చొంగ కారుస్తూ కూర్చుంది.

"చూడు మామా! జింక పెంటికలు కనబడ్డ చోటల్లా ఒక గులకరాయి పెట్టాను. ఆ చోట్లలో ఏముంది? నీడ, చెమ్మ, మెత్తటి నేల. అవన్నీ ఎక్కడ బాగా కలిస్తే అక్కడే జింక కాపురం. పిల్లా అక్కడే. చెరి సగం!"

"మరి ఆ దిబ్బ వెనక?" అంది తోడేలు.

పైడమ్మ చెవులు రిక్కించింది.

"అక్కడ రాయి ఉందా? లేదు. అంటే జింకా లేనట్టే."

"వెళ్లి చూశావా?"

"ఆ ఎండలోనా? కాళ్లు బొబ్బలెక్కవూ!"

పైడమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈ మహానుభావుడు తాను తిరిగే నీడపట్టునే వెతికాడన్నమాట! ఆకుల మీది మంచుతో దాహం తీర్చుకునే జింకకు చెమ్మ నేల కావాలట! నవ్వు దాచుకుని, పరుగుకు సిద్ధంగా పొదకు అవతల దూరంగా జరిగి నిలబడి, గొంతెత్తి ఏడ్చింది.

"అన్యాయం నక్క బావా! నా గుట్టంతా లాగేశావు. ఆ ఎర్రబండ కింది చల్లటి బొరియ సంగతి మాత్రం మామకు చెప్పకు, నీ కాళ్లు పట్టుకుంటాను."

పొగడ్త వినగానే నక్క ఒళ్లు మరిచిపోయింది. "అదీ కనిపెట్టేశాను వదినా! రాళ్లన్నీ దాని చుట్టే ఉన్నాయి చూడు!"

ఆ మాట పూర్తికాకముందే తోడేలు ఎర్రబండ వైపు లంఘించింది. అప్పుడు వెలిగింది నక్కకి.

"ఆగు మామా! అది నా ఇల్లు!"

"వాటా ఎగ్గొట్టే వేషాలా?" అంటూ తోడేలు బొరియలో దూరి, నక్క దాచుకున్న కౌజుపిట్టలన్నీ నమిలేసి, గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"ఇక లే మామా, నీకు దండం పెడతాను," అని నక్క బతిమాలింది.

"జింక రానిదే కదలను. ఇక్కడే ఉంటుందని నువ్వేగా తేల్చావు!"

దిబ్బ వెనక, కాలే ఇసుక మీద, పైడమ్మ కడుపునిండా నవ్వుకుంటూ పిల్లకు పాలిచ్చింది.

నీతి: తనకు నచ్చిన చోట్లలోనే వెతికేవాడికి చివరికి దొరికేది తన ఇల్లే.